నీడలోకి వచ్చాక కూడా ఎండ చేసే పని

చర్మం నల్లగా ఉన్నవారికి ఎండ నుంచి రక్షణ అవసరమా అని ఒక పాఠకుడు అడిగారు. నల్లని చర్మంలోని మెలనిన్ అనే రంగు పదార్థం ఎండలోని అతినీలలోహిత (యు.వి.) కిరణాలను చాలావరకు పీల్చుకుంటుందన్నది నిజమే. అయితే దానిని దాటి లోపలికి వెళ్ళిన కిరణం ఏం చేస్తుందో తెలియకుండా ఈ ప్రశ్నకు సరైన జవాబు చెప్పలేము.

డి.ఎన్.ఏ.లోని రెండు పోగులపై జన్యు సమాచారం నాలుగు రకాల రసాయన అక్షరాలతో రాసి ఉంటుంది. ఒకే పోగుపై థైమిన్ (టి) అనే అక్షరాలు రెండు పక్కపక్కన ఉన్నచోట 280 నుంచి 315 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గల యు.వి.-బి కిరణం పడితే, ఆ రెండూ ఒకదానికొకటి అతుక్కుపోవచ్చు. ఈ అతుకు పడడానికి సెకనులో లక్ష కోట్లవ వంతు చాలు. దానిని తొలగించడానికి మాత్రం కణానికి గంటలు, కొన్నిసార్లు రోజుకు పైగా పడుతుంది. మరమ్మతు ప్రొటీన్లు అతుకు వల్ల పోగులో వచ్చిన వంకరను గుర్తించి, దాదాపు 30 అక్షరాల ముక్కను కత్తిరించి, ఎదుటి పోగును చూసి ఖాళీని పూరించాలి. ఈ మరమ్మతు శక్తి పుట్టుకతోనే లోపించడం వల్ల జీరోడెర్మా పిగ్మెంటోసమ్ అనే అరుదైన వ్యాధి వస్తుందని 1968లో శాస్త్రవేత్త జేమ్స్ క్లీవర్ చూపించారు. ఆ వ్యాధి ఉన్న పిల్లలకు చిన్నతనంలోనే చర్మ క్యాన్సర్లు వస్తాయి. అతుకులో థైమిన్‌లకు బదులు సైటోసిన్ (సి) అనే అక్షరాలు ఉండి, మరమ్మతు జరగకముందే కణం విభజన చెందితే, రెండు సి-ల స్థానంలో రెండు టి-లు చేరవచ్చు. ఎండ వదిలే ఈ ఆనవాలు 1991లో చర్మ క్యాన్సర్ కణితులలో, క్యాన్సర్‌ను అడ్డుకునే పి53 జన్యువులో దొరికింది.

అన్నింటికన్నా ఆశ్చర్యకరమైన విషయం 2015లో బయటపడింది. యు.వి.-బి కన్నా పొడవైన తరంగాలు గల యు.వి.-ఎ కిరణాలు తగిలిన, మెలనిన్‌ను తయారుచేసే కణాలను చీకట్లో ఉంచినా మూడు గంటలకు పైగా కొత్త అతుకులు పడుతూనే ఉన్నాయి. కిరణాల వల్ల పుట్టిన చురుకైన ఆక్సిజన్, నైట్రిక్ ఆక్సైడ్ అణువులు మెలనిన్ తునకలకు శక్తినిస్తాయి. మిణుగురులో ఆ కోవకు చెందిన రసాయన చర్య వెలుగునిస్తే, ఇక్కడ ఆ శక్తి నేరుగా డి.ఎన్.ఏ.కు చేరుతుంది. కాపాడే పదార్థమే కొంత హాని కూడా చేస్తుందన్నమాట. చర్మం ఎర్రబడలేదు కాబట్టి నష్టం జరగలేదనుకోవడం అందుకే సరికాదు.

నీడ, ఒత్తుగా నేసిన దుస్తులు, వెడల్పాటి అంచు గల టోపీ నమ్మదగిన రక్షణలు. ఎస్.పి.ఎఫ్. 30 అన్న సన్‌స్క్రీన్ చర్మాన్ని కందించే కిరణాలలో ముప్పయ్యో వంతునే లోపలికి వదులుతుంది, కానీ ఆ లెక్క చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీగ్రాములు పూసినప్పటిది. చాలామంది అందులో సగం కూడా పూయరు.

పుట్టుమచ్చలో అదృష్టాన్ని వెతికేవారు దాని మార్పును గమనిస్తే ఎంతో మేలు. రెండు సగాలు పోలకపోవడం, అంచులు చెదరడం, రంగులు కలగాపులగం కావడం, వెడల్పు 6 మిల్లీమీటర్లు దాటడం, అన్నింటికీ మించి కొత్తగా మారుతూ ఉండడం మెలనోమాను (మెలనిన్‌ను తయారుచేసే కణాలలో పుట్టే చర్మ క్యాన్సర్‌ను) అనుమానించవలసిన లక్షణాలు. మానని పుండు, ముత్యంలా మెరిసే బొడిపె ఇతర చర్మ క్యాన్సర్ల గుర్తులు కావచ్చు. నల్లని చర్మంలో మెలనోమా అరుదు. వచ్చినప్పుడు తరచుగా అరికాలు, అరచేయి, గోటి అడుగున కనబడుతుంది. ఆ రకానికి ఎండ ముఖ్య కారణం కాదు గనుక సన్‌స్క్రీన్ దానిని ఆపలేదు, చూసుకోవడమే మార్గం. గోటి కింద వెడల్పవుతున్న నల్లని చారను చర్మవైద్యునికి చూపించాలి. బయాప్సీలో, అంటే చిన్న ముక్క తీసి చేసే పరీక్షలో, మెలనోమా మందం 1 మిల్లీమీటరు లోపే అని తేలితే సాధారణంగా శస్త్రచికిత్సతోనే సరిపోతుంది.