ఓక్ చెట్టు కింద ఓక్ మొలక ఏది?

చిన్నీ, బుజ్జీ,

నేను ఊరికి వచ్చి నెల దాటింది. ఇక్కడ వరి కోతలు నడుస్తున్నాయి. బుజ్జికి ఒక జవాబు బాకీ ఉన్నాను. అక్టోబరులో మీ పెన్సిల్వేనియా అడవిలో నడుస్తుంటే, "తాతయ్యా, ఇంత పెద్ద ఓక్ కింద దాని పిల్లలు ఒక్కటీ లేవేంటి? అన్నీ ఎర్ర మేపుల్ మొక్కలే!" అన్నావు. చలికి తట్టుకోలేక నేనేమో ఇంటికి లాక్కొచ్చేశాను. చదవడం కష్టమైతే అమ్మ చేత చదివించుకోండి.

ఆ అడవి ఎప్పుడూ ఇలాగే ఉండేదనుకోకండి. ఒకప్పుడు మీ పెన్సిల్వేనియా మీదుగా సాగే అపలాచియన్ కొండల్లో కొన్నిచోట్ల నాలుగు చెట్లకు ఒకటి చెస్ట్‌నట్ చెట్టే. 1904లో న్యూయార్క్‌లోని బ్రాంక్స్ జూలో ఆ చెట్లకు తెగులు కనిపించింది. ఆసియా నుంచి తెప్పించిన మొక్కలతో వచ్చిన బూజు అది. బెరడు పగుళ్లలో దూరి, చెట్టు చుట్టూ ఉరితాడులా బిగుస్తుంది. పెన్సిల్వేనియా ప్రభుత్వం 1911లో దీనికోసమే ఒక కమిషన్ వేసి, తెగులు చెట్లను నరికించింది. ఆగలేదు. యాభై ఏళ్లలో దాదాపు 350 నుంచి 400 కోట్ల చెట్లు పోయాయి. ఆ ఖాళీల్లో చాలావరకు ఓక్‌లు అల్లుకున్నాయి.

పాత అడవి సంగతి ఎలా తెలిసిందంటారా? మన పొలం దస్తావేజులో చెక్కుబందీ రాస్తారు చూడండి, "తూర్పున ఫలానావారి చింతచెట్టు" అని. అక్కడి సర్వేయర్లూ రెండు మూడు వందల ఏళ్ల కిందట హద్దు మూలల్లో ఉన్న చెట్ల పేర్లు రాసిపెట్టారు. వాటిని లెక్కేసి, ఇవాళ్టి అడవితో పోల్చుకుంటారు. భూమి తగాదాల కోసం రాసిన కాగితం అడవికి జాతకమైంది!

ఇక నీ ప్రశ్న. ఓక్ ముందు వేరుమీద ఖర్చుపెడుతుంది. పైన జానెడు ఉంటే కింద వేరు లావుగా ఊరుతుంది. నిప్పు పైభాగాన్ని కాల్చినా మళ్లీ చిగురిస్తుంది. పెద్దదయ్యాక మందపాటి బెరడు కాపాడుతుంది. ఎర్ర మేపుల్‌ది పలుచని బెరడు, మంటకు తాళలేదు. అక్కడి ఆదివాసులు అడవిలో చిన్న చిన్న మంటలు పెట్టేవారు. అవి మేపుల్‌ను అదుపులో ఉంచేవి. ఇరవయ్యో శతాబ్దంలో మంటలన్నిటినీ ఆర్పేయడం మొదలైంది. అడవిలో నిప్పు రాజుకోనివ్వొద్దని చెప్పే ఎలుగుబంటి, నువ్వు చూపించిన ఆ స్మోకీ బేర్ బొమ్మ, 1944 నాటిది, చిన్నీ. ఆ ఎలుగుబంటి చెప్పిందంతా నేను ఒప్పుకోను. పెద్ద కార్చిచ్చు వేరు, నేలబారున పాకే మంట వేరు.

మంట లేకపోయేసరికి నీడలోనూ బతకగల మేపుల్ లేచింది. దాని ఎత్తుగడ చూడండి: ఓక్ ఆకు ఎండితే ముడుచుకుని, గాలాడి, అప్పడంలా కరకరలాడుతూ అంటుకుంటుంది. మేపుల్ ఆకు నేలకు అతుక్కుని తడి దుప్పటిలా పరుచుకుంటుంది. అంటే మేపుల్ పెరిగేకొద్దీ మంట రాజుకోవడమే కష్టం. పైగా, మీ అమ్మ గులాబీ మొగ్గలు మేసిన జింకలకు ఓక్ మొలకలంటే మహా ఇష్టం.

మేపుల్ చెడ్డదని కాదు. మీరు దోశ మీద పోసుకునే సిరప్ దాని చుట్టానిదే! కానీ ఓక్ కాయలతో ఎలుగుబంట్లు, టర్కీ కోళ్లు చలికాలానికి కడుపు నింపుకుంటాయి. మేపుల్ రెక్కల గింజలు అందుకు చాలవు. అందుకే కొన్నిచోట్ల అటవీ సిబ్బందే ఇప్పుడు జాగ్రత్తగా మంట పెడుతున్నారు.

ఇంకొకటి. చెస్ట్‌నట్ వేళ్లను ఆ బూజు చంపలేదు. పాత మొదళ్ల నుంచి ఇప్పటికీ పిలకలు వస్తాయి. కొన్నేళ్లు పెరిగాక మళ్లీ తెగులు సోకి ఎండిపోతాయి. వసంతంలో వెళ్లినప్పుడు పొడవాటి ఆకులు, అంచులకు రంపం పళ్లున్నవి, నేలలోంచి గుత్తిగా లేస్తే ఫోటో తీసి ఫోన్ చేయండి. ఇక్కడ అర్ధరాత్రయినా లేస్తాను.

మీ తాతయ్య