మూడుల్ అప్‌గ్రేడ్ తర్వాత సైట్ ఆగిపోతే: అపోహలు, వాస్తవాలు

వరంగల్, కరీంనగర్ వైపు కాలేజీలకు సర్వర్ పని చేసి పెడుతుంటాను. వాటిలో చాలావరకు కరోనా లాక్‌డౌన్ రోజుల్లో సొంత సర్వర్ మీద మూడుల్ (ఆన్‌లైన్‌లో పాఠాలు, పరీక్షలు నడిపే ఉచిత సాఫ్ట్‌వేర్) వేసుకున్నవే. అప్పటి 3.9 వెర్షన్ ఇంకా నడుస్తున్న చోట్లూ ఉన్నాయి. పాఠాలు, అసైన్‌మెంట్లు, ఇంటర్నల్ మార్కులు, ప్రశ్నల బ్యాంకు అన్నీ అందులోనే. బతుకమ్మ సెలవులు రాగానే ఈసారి అప్‌గ్రేడ్ చేసేద్దాం అనుకుంటారు. ఆ తర్వాత ఫోన్ వస్తుంది: "అన్నా, సైట్ మొత్తం తెల్లగ అయింది, ఏం కనవడ్తలేదు. పాతది డిలీట్ కొట్టి మళ్ల ఎక్కియ్యాల్నా?"

ఎక్కించొద్దు. నేను చూసినంతలో అప్‌గ్రేడ్ వల్ల డేటా పోయింది తక్కువ, ఆ తర్వాత గంటలో కంగారుపడి చేసిన పని వల్ల పోయింది ఎక్కువ. ల్యాబ్ ఇంచార్జ్‌ల దగ్గర, ప్రిన్సిపాల్ సార్ల దగ్గర తరచూ వినే మాటలు తీసుకుని, ఒక్కోదాని వెనక అసలు జరిగేదేంటో రాస్తున్నాను.

అపోహ: తెల్ల పేజీ వచ్చిందంటే డేటా పోయినట్టే.

వాస్తవం: మూడుల్ మూడు చోట్ల ఉంటుంది. ప్రోగ్రామ్ కోడ్ ఒక ఫోల్డర్‌లో, మార్కులూ యూజర్లూ కోర్సులూ డేటాబేస్‌లో, ఎక్కించిన పీడీఎఫ్‌లూ వీడియోలూ మూడుల్‌డేటా అనే ఇంకో ఫోల్డర్‌లో. తెల్ల పేజీ వచ్చినప్పుడు దెబ్బతిన్నది దాదాపు ఎప్పుడూ కోడ్ ఒక్కటే. మిగతా రెండూ ఉన్నచోటే భద్రంగా ఉంటాయి.

పేజీ తెల్లగా ఉండటానికి కారణం, ఎర్రర్‌ను చూపించొద్దని సర్వర్‌కు చెప్పి ఉండటమే. ముందు వెబ్‌సర్వర్ ఎర్రర్ లాగ్ తెరిచి చివరి వరుసలు చదవండి. అక్కడ ఏమీ దొరక్కపోతే కాన్ఫిగ్ డాట్ పీహెచ్‌పీ అనే మూడుల్ సెట్టింగుల ఫైల్లో డీబగ్ (ఎర్రర్ వివరాలు చూపే సెట్టింగ్) విలువ 32767 చేసి, డీబగ్ డిస్‌ప్లే ఆన్ చేయండి. పేజీ రీలోడ్ చేస్తే అసలు సంగతి బయటపడుతుంది. పని అయ్యాక దాన్ని ఆఫ్ చేయడం మరవద్దు, లేకపోతే సర్వర్ లోపలి ఫోల్డర్ల పేర్లు పిల్లలందరికీ కనిపిస్తాయి.

ఆ ఎర్రర్ వరుసలో మీరు చూడాల్సింది ఫోల్డర్ పేరు. చాలాసార్లు అది బయటి నుంచి వేసుకున్న ఏదో ఒక ప్లగిన్ (అదనపు పని కోసం మూడుల్‌కు తగిలించే చిన్న ప్రోగ్రామ్) పేరో, థీమ్ (సైట్ రూపం) పేరో అయి ఉంటుంది. థీమ్ అయితే కాన్ఫిగ్ ఫైల్లో థీమ్‌ను బూస్ట్ (మూడుల్‌తో పాటే వచ్చేది) అని ఒక్క వరుస రాయండి, సైట్ లేస్తుంది. ప్లగిన్ అయితే ఆ ఫోల్డర్‌ను మూడుల్ బయటికి జరిపి పెట్టండి. అప్పుడు ప్లగిన్ల జాబితాలో అది "డిస్క్ మీద లేదు" అని కనిపిస్తుంది, పక్కనే అన్‌ఇన్‌స్టాల్ లింకు ఉంటుంది. దాన్ని నొక్కొద్దు. నొక్కితే ఆ ప్లగిన్ టేబుళ్లన్నీ డేటాబేస్ నుంచి పోతాయి. అటెండెన్స్ ప్లగిన్‌కు అలా చేస్తే సెమిస్టర్ హాజరంతా గల్లంతే. కొత్త మూడుల్‌కు సరిపోయే ప్లగిన్ వెర్షన్ తెచ్చి అదే చోట పెట్టి అప్‌గ్రేడ్ నడిపితే పాత హాజరు మళ్ళీ కనిపిస్తుంది.

అపోహ: పాత ఫోల్డర్ మీదే కొత్త ఫైళ్లు పేస్ట్ చేస్తే అయిపోతుంది.

వాస్తవం: పాత వెర్షన్‌లో ఉండి కొత్తదానిలో తీసేసిన ఫైళ్లు అక్కడే మిగిలిపోతాయి. మూడుల్ వాటిని గుర్తుపట్టి, రెండు వెర్షన్లు కలిసిపోయాయి, అప్‌గ్రేడ్ ముందుకు సాగదు అని ఆపేస్తుంది. ఆపేయడం మంచిదే. పాత ఫోల్డర్ పేరు మార్చి పక్కన పెట్టండి, కొత్త కోడ్‌ను ఖాళీ ఫోల్డర్‌లో విప్పండి, పాతదాంట్లోంచి కాన్ఫిగ్ ఫైలూ మీరు వేసుకున్న ప్లగిన్లూ మాత్రమే తెచ్చుకోండి. గిట్ (కోడ్ వెర్షన్లను చూసుకునే సాధనం) వాడేవాళ్లకు ఈ బాధ లేదు.

అపోహ: ఏ వెర్షన్ నుంచైనా కొత్తదానికి నేరుగా దూకొచ్చు.

వాస్తవం: ప్రతి వెర్షన్‌కూ ఒక గడప ఉంది. మూడుల్ 4.5కి వెళ్లాలంటే కనీసం 4.1.2 మీద ఉండాలి. 5.0కి వెళ్లాలంటే 4.2.3 మీదో ఆపైనో ఉండాలి. 3.9 మీద ఉన్నవాళ్లు 4.1లో ఆగి వెళ్లాల్సిందే.

మూడుల్‌ను నడిపించే ప్రోగ్రామింగ్ భాష పీహెచ్‌పీ. దాని లెక్క కూడా దీనితో ముడిపడే ఉంటుంది, ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే. 3.9 పీహెచ్‌పీ 7.4 దాటి నడవదు. 4.5కి కనీసం 8.1 తప్పనిసరి. ముందే పీహెచ్‌పీ పెంచితే పాత మూడుల్ పడిపోతుంది, ముందే మూడుల్ మారిస్తే కొత్తది లేవదు. రెండింటినీ కలిపే వెర్షన్ 4.1, అది 7.4 నుంచి 8.1 దాకా దేనిమీదైనా నడుస్తుంది. కాబట్టి వరుస ఇది: 7.4 మీదే ఉండి 3.9 నుంచి 4.1కి వెళ్లండి. సైట్ నడుస్తోందని చూసుకున్నాక పీహెచ్‌పీని 8.1 చేయండి. మళ్ళీ చూసుకుని అప్పుడు 4.5కి వెళ్లండి. 4.5కి డేటాబేస్ కూడా మైఎస్‌క్యూఎల్ అయితే కనీసం 8.0, మరియాడీబీ అయితే కనీసం 10.6.7 ఉండాలి. 4.5 దీర్ఘకాల సపోర్ట్ ఉన్న వెర్షన్. కాలేజీలకు నేను అక్కడే ఆగమని చెబుతాను, ఏటా రెండుసార్లు వచ్చే ప్రతి కొత్త వెర్షన్ వెంట పడాల్సిన పని లేదు.

ఇంకొక్క మాట. 4.0లో ప్రశ్నల బ్యాంకు లోపలి నిర్మాణమే మారింది, ప్రతి ప్రశ్నకూ పాత వెర్షన్లు దాచుకునే పద్ధతి వచ్చింది. వేల ప్రశ్నలున్న కాలేజీలో 3.9 నుంచి 4.1కి వెళ్లేటప్పుడు ఆ అంచె దగ్గర చాలాసేపు కదలనట్టు కనిపిస్తుంది. ఆగిపోయిందనుకుని మధ్యలో విండో మూసేయకండి. బ్రౌజర్ నుంచి కాకుండా కమాండ్ లైన్ నుంచి, స్క్రీన్ లేదా టీమక్స్ (మీరు బయటికొచ్చినా పనిని ఆపకుండా నడిపే ప్రోగ్రామ్‌లు) లోపల నడిపితే మీ నెట్ పోయినా, ల్యాబ్‌లో మీ కంప్యూటర్ ఆగిపోయినా సర్వర్‌లో పని సాగుతూనే ఉంటుంది.

అపోహ: డేటాబేస్ బ్యాకప్ ఉంటే చాలు, అన్నీ తిరిగొస్తాయి.

వాస్తవం: మూడుల్‌డేటాలో ఫైల్‌డిర్ అనే ఫోల్డర్ తెరిచి చూడండి. యూనిట్-2 నోట్స్ అనే పేరు ఎక్కడా కనిపించదు. అంకెలూ ఇంగ్లీషు అక్షరాలూ కలిసిన నలభై గుర్తుల పేర్లతో, ఎక్స్‌టెన్షన్ కూడా లేని ఫైళ్లు ఉంటాయి. ఫైల్ లోపలి సరుకును బట్టి షా-1 అనే పద్ధతిలో లెక్క కట్టి ఆ పేరు పెడతారు. పేరులోని మొదటి రెండు అక్షరాలు ఒక ఫోల్డర్, తర్వాతి రెండు దాని లోపలి ఫోల్డర్. కాజీపేట స్టేషన్ పార్శిల్ ఆఫీసులో మూటల మీద నంబర్లు, రిజిస్టర్‌లో పేర్లు ఉన్నట్టే, ఏ నంబరు ఏ కోర్సులోని ఏ పీడీఎఫో చెప్పే పట్టిక డేటాబేస్‌లో ఉంటుంది. ఒక్కటే దాచుకుంటే రెండోది లేకుండా దానికి అర్థం లేదు.

రెండూ ఒకే సమయానివి కావాలి కూడా. సైట్‌ను మెయింటెనెన్స్ మోడ్‌లో (ఎవరూ వాడకుండా ఆపి) పెట్టి, డేటాబేస్, మూడుల్‌డేటా, కోడ్ మూడింటినీ వరసగా తీయండి. వెనక్కి వెళ్లడానికి ఇంకో దారి లేదు. అప్‌గ్రేడ్ అయిన డేటాబేస్ మీద పాత కోడ్ పెడితే మూడుల్ ఒప్పుకోదు.

అపోహ: రూట్‌గా (సర్వర్ మీద సర్వాధికారాలున్న యూజర్‌గా) లాగిన్ అయి నడిపితే పర్మిషన్ల గొడవే ఉండదు.

వాస్తవం: గొడవ మొదలయ్యేదే అక్కడ. రూట్‌గా అప్‌గ్రేడ్ నడిపితే మూడుల్‌డేటాలో పుట్టే క్యాష్ (తాత్కాలిక కాపీల) ఫోల్డర్లన్నీ రూట్ పేరు మీద పడతాయి. వెబ్‌సర్వర్ నడిచేది వేరే యూజర్ పేరుతో, ఉబుంటులో అయితే డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ-డేటా. అది ఆ ఫోల్డర్లలో రాయలేదు. కమాండ్ లైన్‌లో అంతా సక్సెస్ అని వస్తుంది, బ్రౌజర్‌లో మాత్రం ఫోల్డర్ సృష్టించడానికి పర్మిషన్ సరిగా లేదని ఎర్రర్. మూడుల్‌డేటా మొత్తం యాజమాన్యాన్ని వెబ్‌సర్వర్ యూజర్‌కు మార్చండి. ఇకపై అప్‌గ్రేడ్ అయినా, క్రాన్ (వేళకు తనంతట తానే నడిచే పని) అయినా సుడో కమాండ్‌తో ఆ యూజర్ పేరు మీదే నడపండి. అన్నింటికీ 777 (ఎవరైనా చదవొచ్చు, రాయొచ్చు అనే పర్మిషన్) ఇచ్చేయమని సలహా చెప్పేవాళ్లుంటారు. వినొద్దు, అది సర్వర్ తలుపులు బార్లా తెరిచి పెట్టడమే.

అపోహ: పీహెచ్‌పీ సెట్టింగ్ మార్చాను, అయినా అదే ఎర్రర్ వస్తోంది, మూడుల్‌లోనే బగ్ ఉంది.

వాస్తవం: ఉబుంటులో కమాండ్ లైన్ పీహెచ్‌పీకి ఒక ఐఎన్ఐ (సెట్టింగుల) ఫైలు, వెబ్‌సర్వర్ పీహెచ్‌పీకి వేరే ఐఎన్ఐ ఫైలు. ఒకటి మార్చి రెండోది వదిలేస్తారు, లేదా మార్చాక సర్వీస్ రీస్టార్ట్ చేయరు. ఎక్కువగా తగిలేది మ్యాక్స్ ఇన్‌పుట్ వార్స్, అంటే ఒక పేజీ ఒకేసారి పంపగల విలువల పరిమితి. పీహెచ్‌పీ మామూలుగా ఇచ్చేది 1000, పీహెచ్‌పీ 8 మీద మూడుల్ అడిగేది 5000. ఈ పట్టుదలకు కారణం ఉంది. 60 మంది పిల్లలు, 20 కాలమ్‌ల మార్కుల పట్టిక ఒకే పేజీలో తెరిచి సేవ్ కొడితే 1200 గడులు వెళ్తాయి. పరిమితి 1000 అయితే మిగతావాటిని పీహెచ్‌పీ పట్టించుకోకుండా వదిలేస్తుంది. మేడమ్ మార్కులు వేశానంటారు, చివరి పిల్లలకు పడవు.

అపోహ: ఏ సమస్యకైనా క్యాష్ పర్జ్ చేస్తే (ఖాళీ చేస్తే) సరి.

వాస్తవం: డిజైన్ చెదిరినా, మెనూలు పాతవే కనిపించినా పర్జ్ పనిచేస్తుంది. డేటాబేస్ ఎర్రర్‌కూ, పర్మిషన్‌కూ దానితో సంబంధం లేదు. మిడ్ ఎగ్జామ్ నడుస్తుండగా మాత్రం పర్జ్ కొట్టకండి, పిల్లలందరి పేజీలకూ సర్వర్ మళ్ళీ మొదటినుంచి క్యాష్ కట్టుకోవాల్సి వచ్చి నత్తనడక నడుస్తుంది.

అపోహ: తెలుగు అక్షరాలు పాడైతే ఫాంట్ వేయాలి.

వాస్తవం: తెలుగు మీడియం డిగ్రీ కాలేజీల్లో నన్ను ఎక్కువ బాధపెట్టే సమస్య ఇది, ఎందుకంటే తప్పుగా చికిత్స చేస్తే నయం కాదు. తెర మీద ఏం కనిపిస్తోందో దగ్గరగా చూడండి. మూడు రకాలుంటాయి.

ఖాళీ డబ్బాలు కనిపిస్తే అది నిజంగానే ఫాంట్ సమస్య, అదీ ఆ ఒక్క కంప్యూటర్‌లో. మొబైల్‌లో తెరిచి చూస్తే బాగానే ఉంటుంది.

నెత్తిన వాలు గీత ఉన్న ఇంగ్లీషు ఎ (à), దాని పక్కన డిగ్రీ గుర్తో ప్లస్-మైనస్ గుర్తో, మళ్ళీ అదే ఎ, ఇలా వరసగా వస్తుంటే అక్షరాలు బతికే ఉన్నాయి. యూటీఎఫ్-8 అనే అక్షరాల కోడింగ్‌లో ఒక్కో తెలుగు అక్షరానికీ గుర్తుకూ 3 బైట్లు పడతాయి. "తెలుగు" అన్న మాటకే 18. ఆ బైట్లను లాటిన్-1 (యూరప్ భాషల పాత కోడింగ్) అనుకుని చదివితే మూడేసి పిచ్చి గుర్తులుగా కనిపిస్తాయి. ఎగుమతి దగ్గరో దిగుమతి దగ్గరో క్యారెక్టర్ సెట్ తప్పు చెప్పారన్నమాట. డంప్ (డేటాబేస్ కాపీ) తీసేటప్పుడూ ఎక్కించేటప్పుడూ యూటీఎఫ్8-ఎంబీ4 అని స్పష్టంగా ఇచ్చి మళ్ళీ చేయండి.

మూడోది ప్రశ్నార్థకాలు. ఇదే ప్రమాదం. తెలుగుకు చోటు లేని క్యారెక్టర్ సెట్‌లోకి మార్చినప్పుడు డేటాబేస్ ప్రతి అక్షరం బదులు ఒక ప్రశ్నార్థకం రాసేస్తుంది. ఆ డంప్‌లో ఇక తెలుగు లేదు, ఏ ఫాంటూ ఏ సాఫ్ట్‌వేరూ దాన్ని తేలేవు. పాత సర్వర్‌లోని అసలు డేటాబేస్‌కే వెళ్లి మళ్ళీ డంప్ తీయాలి. కొత్త సైట్‌లో తెలుగు కోర్సు ఒకటి తెరిచి కళ్లతో చూసుకునే దాకా పాత సర్వర్‌ను ఫార్మాట్ చేయొద్దని నేను అందరినీ బతిమాలుకునేది ఇందుకే.

యూటీఎఫ్8-ఎంబీ4కి మారితే తెలుగు పాడవుతుందని కొందరికి భయం. పాత మూడు బైట్ల యూటీఎఫ్8లోనూ తెలుగు సరిపోతుంది, నాలుగు బైట్లలోనూ సరిపోతుంది. నాలుగు కావాల్సింది ఎమోజీలకు. ఫోరంలో ఎవరో ఎమోజీ పెట్టగానే డేటాబేస్‌లో రాయలేకపోయానని ఎర్రర్ వస్తే మీ డేటాబేస్ ఇంకా పాతదాంట్లోనే ఉందని అర్థం. మార్చడానికి మూడుల్‌లోనే మైఎస్‌క్యూఎల్ కొలేషన్ అనే స్క్రిప్టు ఉంది.

అపోహ: 5.0కి వెళ్లాక ప్రశ్నల బ్యాంకు ఖాళీ అయింది, ప్రశ్నలు పోయాయి.

వాస్తవం: ముందు క్రాన్ నడుస్తోందో లేదో చూడండి. 5.0లో ప్రశ్నల బ్యాంకు వేరే యాక్టివిటీగా మారింది, పాత ప్రశ్నలను అందులోకి తరలించే పని అప్‌గ్రేడ్ అయ్యాక క్రాన్ చేస్తుంది. క్రాన్ నిమిషానికోసారి నడవాలి. సర్వర్ మార్చినప్పుడు క్రాన్‌టాబ్ (క్రాన్ పనుల జాబితా) వరుస పాత యంత్రంలోనే ఉండిపోతుంది, ఎవరికీ గుర్తుండదు. చాట్, సర్వే మాత్రం 5.0లో నిజంగానే తీసేశారు, కావాలంటే ప్లగిన్‌గా వేసుకోవాలి. 5.1లో అయితే వెబ్‌సర్వర్ డాక్యుమెంట్ రూట్‌ను (సైట్ ఫైళ్ల కోసం అది చూసే ఫోల్డర్‌ను) మూడుల్ లోపలి పబ్లిక్ ఫోల్డర్ వైపు తిప్పాలి, లేకపోతే సైట్ తెరుచుకోదు.

అపోహ: అప్‌గ్రేడ్ అయినా మెయింటెనెన్స్ బోర్డు పోవట్లేదు, అప్‌గ్రేడ్ ఫెయిల్ అయింది.

వాస్తవం: కమాండ్ లైన్ నుంచి మెయింటెనెన్స్ పెడితే మూడుల్‌డేటాలో క్లైమెయింటెనెన్స్ అనే హెచ్‌టీఎంఎల్ ఫైలు పుడుతుంది. మెయింటెనెన్స్ డిజేబుల్ కమాండ్ ఇస్తే అది పోతుంది, సైట్ వస్తుంది.

అపోహ: సెలవులే కదా, నేరుగా అసలు సర్వర్ మీదే చేయొచ్చు.

వాస్తవం: సెలవుల్లో ఎవరూ వాడరు కాబట్టి ఏం పాడైందో ఎవరూ చెప్పరు. కాలేజీ తెరిచిన పొద్దుగాల అందరూ ఒకేసారి చెబుతారు. సెలవులకు ముందే పాత డెస్క్‌టాప్ ఒకటి తీసుకుని సైట్ కాపీ పెట్టి దానిమీద నడిపి చూడండి. కాపీ మొదటిసారి లేవకముందే కాన్ఫిగ్ ఫైల్లో సైట్ అడ్రస్ మార్చి, నోఈమెయిల్ఎవర్ సెట్టింగ్ ఆన్ చేయాలి. లేకపోతే కాపీలో క్రాన్ నడవగానే ఫోరం మెయిళ్లూ అసైన్‌మెంట్ రిమైండర్లూ నిజమైన పిల్లలకు వెళ్తాయి.

ఆ కాపీలో అడ్మిన్‌గా తిరిగితే సరిపోదు, అడ్మిన్‌కు అన్నీ కనిపిస్తాయి. విద్యార్థిగా లాగిన్ అవండి. పాత సెమిస్టర్ పీడీఎఫ్ ఒకటి తెరవండి, క్విజ్ ఒకటి రాసి సబ్మిట్ చేయండి, అసైన్‌మెంట్ ఫైలు ఎక్కించండి, మొబైల్ యాప్ నుంచి అదే కోర్సు చూడండి. లెక్చరర్‌గా లాగిన్ అయి మార్కుల పట్టికలో చివరి రోల్ నంబరుకు మార్కు వేసి సేవ్ అయిందో లేదో చూడండి. ఇవన్నీ నడిచాకే అసలు సర్వర్‌ను మెయింటెనెన్స్‌లో పెట్టి మొదలుపెట్టండి.