నాటకం రాస్తే జైలా?

పిల్లలూ,

నాటకం రాసినందుకు కూడా జైల్లో పెడతారా తాతయ్యా అని అడిగారు కదా. పెట్టారర్రా. కెన్యాలో, గూగీ వా థియాంగో అనే రచయితని.

పెళ్లివంట చూశారుగా. గుండిగ దించేముందు వంటాయన గరిటెతో కాస్త పులుసు తీసి, ఉప్పు చూడమని పక్కవాళ్ల చేతిలో వేస్తాడు. 1977లో లిమూరు దగ్గర కమిరీతు అనే పల్లెలో నాటకం అలాగే వండారు. గూగీ, ఆయన స్నేహితుడు గూగీ వా మీరీ కలిసి చిత్తుప్రతి రాసి ఊరి ముందు పెట్టారు. కూలీలు, చెప్పుల ఫ్యాక్టరీ పనివాళ్లు విన్నారు. ముసలివాళ్ల మాటతీరు ఇలా ఉండదని దిద్దారు. ఉప్పు చాలనిచోట తినేవాళ్లే వేశారన్నమాట! రిహార్సల్స్‌కి ఎవరైనా రావచ్చు, తప్పు కనిపిస్తే చెప్పొచ్చు. అందుకే నాటకం వాళ్ల గికుయు భాషలో రాశారు. ఇంగ్లీషులో వండితే ఆ ఊళ్లో ఉప్పు చూసేదెవరు?

రంగస్థలమూ వాళ్లే కట్టుకున్నారు. ముందు అగ్గిపుల్లలతో నమూనా చేసి చూసుకున్నారు. తర్వాత అర్ధచంద్రాకారంలో ఎత్తు దిమ్మె, దాని వెనక వెదురు గోడ, ఎదురుగా మెట్లలా చెక్కబల్లలు. పైకప్పు లేదు. రెండు వేలమందికి పైగా కూర్చోవచ్చు.

నాటకం కథలో కిగూండా అనే కూలీది ఎకరన్నర చేను. దాని పట్టా ఇంటి గోడకి వేలాడుతుంటుంది. గొప్పింటివాళ్ల మాట విని, చర్చిలో మళ్లీ పెళ్లి చేసుకోవడానికి ఆ చేను తాకట్టు పెడతాడు. చేను పోతుంది. చూసేవాళ్లలో చాలామందికి అది సొంత గోడే, సొంత పట్టాయే. పాలకులకి భయం పుట్టింది అక్కడే. అక్టోబరు 2న మొదలైన ఆటకి నవంబరు 16న లైసెన్సు రద్దయింది. డిసెంబరు 31న గూగీని పట్టుకెళ్లి, విచారణ లేకుండా ఏడాదిపాటు కమితి జైల్లో ఉంచారు. 1982లో పోలీసులు వచ్చి ఆ రంగస్థలాన్నే పడగొట్టారు.

జనానికివ్వకుండా, నాటకం వేసేవాళ్లే గరిటె తమ చేతిలో ఉంచుకుంటే నాటకం ఇంకో రకంగా చెడుతుంది. ఆఫ్రికాలోనే బోట్స్‌వానా అనే దేశంలో 1974లో 'లైడ్జా బటనాని' అని ఒక నాటకాల కార్యక్రమం మొదలుపెట్టారు. ఊరి కష్టాలేమిటో అడిగి, వాటిమీద నాటకాలు, పాటలు, బొమ్మలాటలు కట్టి, ఆట అవగానే జనంతో చర్చ పెట్టేవారు. పద్ధతి మంచిదే. కానీ రానురాను అది జనానికి బుద్ధులు చెప్పే కార్యక్రమం అయిపోయిందని, పేదరికం ఎందుకుందన్న ప్రశ్న వెనకబడిందని దాన్ని నడిపినవాళ్లే తర్వాత రాశారు.

మీ వాడకి వీధినాటకం వస్తే డప్పు ఆగగానే లేచి వెళ్లిపోకండి. నటులు జనం మధ్య కూర్చుంటారా, వ్యాను ఎక్కేస్తారా చూడండి. కూర్చుంటే, జనంలో ముందు ఎవరు నోరు విప్పారో, ఏమన్నారో నాకు రాయండి.

మీ తాతయ్య