108 వాళ్లు ఎందుకు ఆగారు?

చి. కార్తీక్‌కి, చి. సాహితికి పెదనాన్న ఆశీస్సులు.

కార్తీక్, నీ ఉత్తరం అందింది. చేను గట్టు మీద కరెంటు తీగ తెగిపడి, దాని పక్కనే రైతు పడిపోయి ఉంటే, 108 వాళ్లు వచ్చి కూడా దగ్గరికి పోకుండా ఫోన్లు చేస్తూ నిలబడ్డారని రాశావు. జనం వాళ్లను నానా మాటలూ అన్నారని కూడా రాశావు. "భయపడ్డారా పెదనాన్నా?" అని అడిగావు. ఆ బండిలో ఈఎంటీగా (ఎమర్జెన్సీ మెడికల్ టెక్నీషియన్‌గా) ఏళ్ల తరబడి పనిచేశాను కాబట్టి జవాబు నేను చెప్పాల్సిందే. వాళ్లు చేసింది సరైన పని.

108 బండిలో ఇద్దరుంటారు. నడిపేవాళ్లను పైలట్ అంటాం, వెనకాల రోగిని చూసుకునేది ఈఎంటీ. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో ఈ సర్వీసు మొదలైంది. బండి దిగగానే రోగి దగ్గరికి పరుగెత్తకూడదు. ఆ చోట మనకు ప్రమాదం ఉందా లేదా అన్నది ముందు చూసుకోవాలి.

పొలాల మీదుగా పోయే లైన్లలో చాలావాటిలో 11,000 వోల్టులుంటాయి. తెగిపడిన తీగ చుట్టూ నేలలోకి కూడా కరెంటు పాకుతుంది. తీగను ముట్టుకోకపోయినా, దగ్గరగా నడిస్తే చాలు, రెండు పాదాల మధ్య వోల్టేజీ తేడా వల్ల షాక్ కొట్టవచ్చు. తడి నేలైతే మరీ ప్రమాదం. ఎండు కర్రతో తీగను నెట్టే ప్రయత్నం ఇక్కడ చేయకూడదు. సబ్‌స్టేషన్‌లో సప్లై ఆపించి, లైన్‌మన్ "ఎల్సీ (లైన్ క్లియర్, అంటే సప్లై ఆపినట్టు సబ్‌స్టేషన్ ఇచ్చే అనుమతి) తీసుకున్నాం, వెళ్లండి" అన్నాకే లోపలికి అడుగు వేయాలి. ఆ తర్వాత మాత్రం ఒక్క క్షణం ఆగకూడదు. ఊపిరి ఆగిపోయి ఉంటే ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు, కనీసం 5 సెంటీమీటర్ల లోతుకు నొక్కాలి. పిడుగు పడిన మనిషి సంగతి వేరు. అతని ఒంట్లో కరెంటు మిగిలి ఉండదు, వెంటనే ముట్టుకోవచ్చు. ఇది తెలియక చాలామంది దూరంగా ఉండిపోతారు.

కరెంటు కన్నా నన్ను ఎక్కువ బాధపెట్టేవి పాతబావులు, మ్యాన్‌హోళ్లు, సెప్టిక్ ట్యాంకులు. 2015 నవంబరులో కేరళలోని కోళికోడ్‌లో మన ఆంధ్రా కార్మికులిద్దరు మ్యాన్‌హోల్‌లో చిక్కుకున్నారు. అటుగా వెళ్తున్న ఆటో డ్రైవరు వాళ్లను కాపాడాలని దిగాడు. ముగ్గురూ చనిపోయారు. వాళ్లెవరో అతనికి తెలియదు, ఆ ఊరివాళ్లు కూడా కారు. అంత మంచి మనిషి ప్రాణం అలా పోయింది.

మనం పీల్చే గాలిలో ఆక్సిజన్ సుమారు 21 శాతం. మూసుకుపోయిన గొయ్యిలో అది బాగా తగ్గిపోయి ఉండవచ్చు. అప్పుడు ఊపిరాడని బాధ కూడా తెలియకపోవచ్చు. కొన్ని శ్వాసల్లోనే స్పృహ పోతుంది, వెనక్కి ఎక్కే వ్యవధి ఉండదు. మురుగులో పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్‌ది కుళ్లిన గుడ్డు వాసన. అది ఎక్కువైతే ముక్కు మొద్దుబారి ఆ వాసన కూడా తెలియదు. వాసన పోయింది కదా అని దిగినవాడు ఇక పైకి రాడు. కొందరు పెద్దలు బావిలోకి లాంతరు దించి, అది ఆరిపోతే దిగేవాళ్లు కాదు. కానీ లాంతరు ఈ విషవాయువును పసిగట్టలేదు, మీథేన్ ఉంటే మంట అంటుకునే ప్రమాదం కూడా ఉంది. ముక్కుకు కట్టుకున్న తువాలు ఆక్సిజన్ ఇవ్వదు. వీపున గాలి సిలిండరు, ముఖానికి మాస్కు, నడుముకు తాడు ఉన్న ఫైర్ సిబ్బందే దిగాలి. ఈఎంటీ పైన ఆక్సిజన్‌తో సిద్ధంగా ఉండాలి. ఇలాంటి రక్షణ లేకుండా మనుషులను మురుగులోకి దించడం 2013 చట్టం ప్రకారం నేరం. అయినా దించుతూనే ఉన్నారు. నాకు కోపం వచ్చేది అక్కడే.

2020 మే 7 తెల్లవారుజామున విశాఖలో ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే రసాయనం లీకైనప్పుడు జనం రోడ్ల మీదే పడిపోయారు. ఆ ఆవిరి గాలికన్నా బరువు, నేలను పట్టుకుని పాకుతుంది. అలాంటప్పుడు గాలి వీచే దారిలో ముందుకు పరుగెత్తకూడదు, పక్కకు తప్పుకోవాలి.

"అయితే చూస్తూ నిలబడాలా?" అని సాహితి రాసింది. లేదమ్మా. గొయ్యి దగ్గర అన్నిటికన్నా ముఖ్యమైన పని రెండో మనిషిని దిగనివ్వకపోవడం. కింద పడింది కన్నకొడుకైతే తండ్రిని ఆపడం ఎంత కష్టమో నేను చూశాను. నలుగురు కలిసి పట్టుకోవాల్సి వస్తుంది, పట్టుకోవాలి. ఒకరు 108కి, ఇంకొకరు ఫైర్ వాళ్ల 101కి ఫోన్ చేయాలి. ఊరు, దగ్గర్లోని గుడి లేదా బడి, ఏ రోడ్డు అన్నవి చెప్పి, వాళ్లు ఫోన్ పెట్టేదాకా మీరు పెట్టకండి. ఒకరు మెయిన్ రోడ్డు మీద నిలబడి బండికి దారి చూపాలి.

సంక్రాంతికి వచ్చినప్పుడు ఛాతీ నొక్కడం గట్టి దిండు మీద ఇద్దరికీ నేర్పిస్తాను. ఈలోపు కార్తీక్, లైన్‌మన్‌ని అడిగి మీ సబ్‌స్టేషన్ ఫోన్ నంబరు తెచ్చుకో. దాని కింద కరెంటు కంప్లైంట్ల నంబరు 1912 కూడా రాసి, మోటారు షెడ్డు తలుపు మీద అంటించు.

మీ పెదనాన్న