దుదుక్ ఎవరిది, బాలాబాన్ ఎవరిది?

2023 డిసెంబరులో బోట్స్వానాలో జరిగిన యునెస్కో కమిటీ సమావేశం అజర్‌బైజాన్, టర్కీ కలిసి పంపిన ఒక ఫైలుకు ఆమోదముద్ర వేసింది. బాలాబాన్ లేదా మెయ్ అనే ఊదే వాద్యాన్ని తయారుచేసే పనితనం, దాన్ని వాయించే విద్య ఆ రెండు దేశాల పేరు మీద వారసత్వ జాబితాకెక్కాయి. తిరకాసు ఏమిటంటే, దాదాపు ఇదే వాద్యాన్ని దుదుక్ అనే పేరుతో ఆర్మేనియా 2005లోనే యునెస్కోలో నమోదు చేయించుకుంది. ఒక వాద్యం, రెండు ఫైళ్లు. ఆర్మేనియా, అజర్‌బైజాన్, జార్జియా ఉన్న దక్షిణ కాకసస్‌లో వందేళ్లుగా నలుగుతున్న పాత తగాదాకు ఇది తాజా అధ్యాయం మాత్రమే.

దుదుక్ అంటే మన సన్నాయికి దూరపు చుట్టం అనుకోవచ్చు. దీన్ని కూడా రెండు పొరల రెల్లు పీక పెట్టి ఊదుతారు. అయితే సన్నాయి గొట్టం కిందికి పోయేకొద్దీ వెడల్పవుతుంది, గొంతు వీధి చివరిదాకా వినిపిస్తుంది. దుదుక్ గొట్టం పైనుంచి కిందిదాకా ఒకే వెడల్పు, పీక చాలా పెద్దది. అందుకే దాని నాదం మంద్రంగా, మనిషి గొంతుకు దగ్గరగా ఉంటుంది. మామూలుగా ఇద్దరు కలిసి వాయిస్తారు. ఒకరు పాట పలికిస్తే, రెండోవారు ఊపిరి తెగకుండా శ్రుతి పడతారు. హాలీవుడ్ సినిమాల్లో ఎడారో, పాతకాలమో, దుఃఖమో చూపించాల్సి వచ్చినప్పుడల్లా ఈ నాదం వినిపించడం గత పాతికేళ్లలో మామూలైపోయింది. దాన్ని ప్రపంచానికి పరిచయం చేసినవారిలో ముఖ్యుడు ఆర్మేనియా విద్వాంసుడు జీవాన్ గాస్పర్యాన్ (1928–2021).

ఆర్మేనియన్లు దీన్ని ఆప్రికాట్ చెట్టు కొయ్యతో చేస్తారు, ఆ చెట్టును తమ దేశపు చెట్టుగానే భావిస్తారు. అజర్‌బైజాన్‌లో మల్బరీ లాంటి కొయ్యలూ వాడతారు. జార్జియాలో పేరు దుదుకి. యునెస్కోకు ఆర్మేనియా ఇచ్చిన వివరాల్లో ఈ సంగీతం మూలాలు క్రీస్తుపూర్వం 95–55 నాటి తిగ్రాన్ చక్రవర్తి కాలానికి పోతాయని ఉంది. ఇలాంటి వాదనలు రెండు వైపులా ఉన్నాయి. నా దృష్టిలో వీటి వల్ల తేలేది తక్కువ. రెండు పొరల పీకతో ఊదే తిన్నని గొట్టం చైనాలో గువాన్ పేరుతో, జపాన్‌లో హిచిరికి పేరుతో నేటికీ ఉంది. ఇంత దూరం తిరిగిన వాద్యానికి పుట్టిన ఊరు చూపించమనడం తేలికే, రుజువు చూపించడమే కష్టం.

సరిహద్దులు లేని కాలంలో ఇక్కడి సంగీతం ఎలా నడిచేదో తెలియాలంటే సయాత్ నోవా దగ్గర మొదలుపెట్టాలి. 18వ శతాబ్దపు ఈ కవి గాయకుడు ఆర్మేనియన్. ఉన్నది టిఫ్లిస్‌లో, అంటే నేటి జార్జియా రాజధాని త్బిలిసిలో. కొలువు చేసింది జార్జియా రాజు రెండో ఎరెక్లే దగ్గర. ఆర్మేనియన్‌లో, జార్జియన్‌లో, ఈనాడు అజర్‌బైజానీ అంటున్న తుర్కీ భాషలో పాటలు కట్టాడు. ఇప్పటికి మిగిలిన పాటల్లో ఆర్మేనియన్‌వాటి కంటే తుర్కీలోవే ఎక్కువ. కారణం సాదా. కాకసస్ సంతల్లో, పెళ్లిళ్లలో, కొలువుల్లో అందరికీ అర్థమయ్యే భాష అదే. ఊరూరూ తిరిగి పాడే అషుగ్‌కు నలుగురికీ తెలిసిన భాషలో పాడితేనే గిట్టుబాటు. ఆర్మేనియన్లు అషుగ్ అన్నా, అజర్‌బైజానీలు ఆషిగ్ అన్నా, టర్కీలో ఆషిక్ అన్నా వృత్తి ఒకటే.

ఆ తర్వాతి శతాబ్దంలో ఈ సంగీతానికి కేంద్రం షుషా. కరబాఖ్ కొండల మీద ముస్లింలు, ఆర్మేనియన్లు వేర్వేరు పేటల్లో ఉన్న చిన్న పట్నం అది. ముగామ్ అనే రాగప్రధాన సంగీతానికి గొప్ప గాయకులు అక్కడ తయారయ్యారు. మీటి వాయించే తీగల వాద్యం తార్‌కు ఈనాటి అజర్‌బైజానీ రూపం ఇచ్చిన సాదిఖ్‌జాన్ (1846–1902) కూడా షుషా మనిషే. ఇరానీ తార్‌ను ఒడిలో పెట్టుకుని వాయిస్తే, ఈయన దానికి తీగలు పెంచి ఛాతీకి ఆనించి పట్టుకునేలా మార్చాడు. షియా మతపెద్దలకు వాద్యాలంటే అంతగా గిట్టదు, అందుకని పాడేది ముస్లిం అయినా పక్కన వాయించేవాళ్లలో ఆర్మేనియన్లు చాలామంది ఉండేవారు. 20వ శతాబ్దం మొదట్లో గ్రామఫోన్ రికార్డులకెక్కిన పేరున్న త్రయమే దీనికి సాక్ష్యం. గాయకుడు జబ్బార్ గర్యాగ్దిఒగ్లు, తార్ మీద గుర్బాన్ పిరిమోవ్, కమానుతో వాయించే కమాంచా మీద సాషా ఒగనేజాష్విలి. మొదటి ఇద్దరూ అజర్‌బైజానీలు, మూడో ఆయన ఆర్మేనియన్. ఆ పళ్లేలను ఈరోజు ఏ దేశం ఖాతాలో వేయాలో చెప్పమంటే నా వల్ల కాదు.

ఇంత కలగాపులగంగా ఉన్నదాన్ని విడదీసే పని జాతీయవాదంతో మొదలైంది. ఆ పని చేసినవాళ్లు రాజకీయ నాయకులు కారు, మహా సంగీతజ్ఞులు. ఆర్మేనియన్ల వైపు కొమితాస్ (1869–1935). ఒట్టోమన్ రాజ్యంలోని కుతాహ్యాలో టర్కిష్ మాట్లాడే ఆర్మేనియన్ ఇంట్లో పుట్టారు. చిన్నతనంలోనే తల్లిదండ్రులు పోతే ఎచ్మియాద్జిన్ మఠం చేరి, అక్కడే ఆర్మేనియన్ నేర్చుకుని, తర్వాత బెర్లిన్‌లో సంగీతశాస్త్రం చదివారు. పల్లెలు తిరిగి వేల పాటలు రాసుకున్నారు. ఆర్మేనియన్లకంటూ సొంత సంగీతం లేదు, అదంతా తుర్కులదీ పర్షియన్లదీ అని యూరప్‌లో నడుస్తున్న మాటను తప్పని చూపించడం ఆయన పట్టుదల. నగరాల్లో అషుగ్‌ల పాట కలుషితమైందనీ, అసలైనది పల్లె రైతు నోట్లో ఉందనీ నమ్మారు. అదే మనిషి కుర్దుల పాటలూ శ్రద్ధగా రాసుకుని అచ్చు వేయించారు, అది మర్చిపోకూడదు. 1915 ఏప్రిల్ 24 రాత్రి ఇస్తాంబుల్‌లో అరెస్టు చేసిన ఆర్మేనియన్ మేధావుల్లో ఆయన ఒకరు. ప్రాణం దక్కింది కానీ మనసు చెదిరిపోయింది. ఆఖరి ఏళ్లన్నీ పారిస్ ఆసుపత్రుల్లో గడిచాయి.

ఈ ఘట్టం దాటేస్తే ఆర్మేనియన్ల పట్టుదల అర్థం కాదు. ఒట్టోమన్ రాజ్యంలో 1915లో ఆర్మేనియన్ల మీద మొదలైన మారణకాండలో పాటలు పుట్టిన ఊళ్లే జనం లేకుండా పోయాయి. పాడినవాళ్లు చనిపోయారు, లేదా దేశాలు పట్టిపోయారు. కొమితాస్ కాగితాల మీద మిగిలినవే ఆ ఊళ్లకు గుర్తు. అలాంటప్పుడు ఎవరైనా వచ్చి ఈ బాణీ మీది కాదంటే, వాళ్లు దాన్ని సంగీత చర్చగా తీసుకోలేరు.

అజర్‌బైజాన్ వైపు ఉజేయిర్ హాజీబెయోవ్ (1885–1948). పెరిగింది షుషాలో. 1908లో నేటి అజర్‌బైజాన్ రాజధాని బాకులో లైలా మజ్నూ కథను ముగామ్‌తో ఒపెరాగా మలిచారు. 1927లో తోటి స్వరకర్త ముస్లిం మగొమాయెవ్‌తో కలిసి జానపద గీతాల సంకలనం తెచ్చారు. 1945లో అజర్‌బైజాన్ జానపద సంగీత సూత్రాలంటూ శాస్త్రగ్రంథమే రాశారు. ఈ వైపు వాళ్ల మనసులో ఉన్న ముల్లు వేరు. రష్యా జారు పాలనలో వాళ్లను తాతార్లన్నారు, 1920ల్లో తుర్కులన్నారు, అజర్‌బైజానీలు అనే పేరు అధికారికంగా స్థిరపడింది 1930ల చివర్లో. దాన్ని పట్టుకుని, నిన్న మొన్న పుట్టిన జాతికి పాత పాటలెక్కడివి అని ఎదుటివాళ్లు ఎద్దేవా చేస్తారు. జాతికి పేరు ఎప్పుడు పెట్టారన్నదానికీ, ఆ ఊళ్లలో అమ్మమ్మలు ఎప్పటినుంచి పాడుతున్నారన్నదానికీ సంబంధం లేదు. ఇది వాదన కాదు, ఎత్తిపొడుపు.

సోవియట్ కాలం ఈ విభజనకు ఆఫీసులు కట్టించింది. ప్రతి రిపబ్లిక్‌కూ ఒక కన్సర్వేటరీ, ఒక ఒపెరా, ఒక జానపద బృందం, రేడియోలో ఒక వాద్యబృందం. మాస్కోలో పది రోజుల జాతీయ కళోత్సవాలు పెట్టేవారు. 1938లో అజర్‌బైజాన్ వంతు, 1939లో ఆర్మేనియా వంతు. వేదిక మీద ప్రతి జాతీ తనదైనది చూపించాలి, పక్కింటివాళ్లది కాకుండా. సరిహద్దుకు రెండు వైపులా పాడే పాట వస్తే ఏదో ఒక డబ్బాలో వేయాల్సిందే. అయినా తగాదా ముదరలేదు. మాస్కో గొడవలు పెరగనిచ్చేది కాదు. పైగా ఆర్మేనియా రాజధాని యెరెవాన్‌లో ముగామ్ వినేవాళ్లూ, బాకులో ఆర్మేనియన్ వాద్యకారులూ ఉండనే ఉన్నారు.

ఇక్కడ చిన్న ముచ్చట. 1977లో అమెరికా వదిలిన వాయేజర్ నౌకల్లోని బంగారు రికార్డులో అజర్‌బైజాన్ పాట ఒకటి ఉంది. వాయించింది బాలాబాన్. పట్టికలో మాత్రం బ్యాగ్‌పైప్ అని రాశారు. భూమ్మీద రెండు పేర్ల కోసం కొట్టుకుంటుంటే, అంతరిక్షంలోకి మూడో పేరుతో వెళ్లింది.

1988తో అంతా మారిపోయింది. అజర్‌బైజాన్‌లో ఉన్నా ఆర్మేనియన్లే ఎక్కువగా ఉండే కరబాఖ్ ఎవరిదన్న గొడవ రాజుకుంది. అజర్‌బైజాన్ పట్టణం సుమ్‌గాయిత్‌లో, తర్వాత 1990 జనవరిలో బాకులో ఆర్మేనియన్ల మీద దాడులు జరిగాయి. ఆర్మేనియా నుంచి అజర్‌బైజానీలను వెళ్లగొట్టారు. యుద్ధంలో షుషా 1992లో ఆర్మేనియన్ల చేతికి, 2020 నవంబరులో తిరిగి అజర్‌బైజాన్ చేతికి వచ్చింది. 2023 సెప్టెంబరులో లక్షమందికి పైగా ఆర్మేనియన్లు కరబాఖ్ వదిలి వెళ్లారు. సంగీతం వరకు చూస్తే దీని ఫలితం ఒకటే. ఎదుటివాడి పాట తెలిసిన మనిషి పక్కన లేకుండా పోయాడు. యెరెవాన్‌లో ముగామ్ అనే మాటే ఇబ్బందికరమైంది. పెళ్లిళ్లలో, టాక్సీల్లో మోగే రబిజ్ పాటలను తుర్కు వాసన కొడుతున్నాయని అక్కడి చదువుకున్నవాళ్లు తిట్టడం మొదలుపెట్టారు. జనం మాత్రం వింటూనే ఉన్నారు. అటు బాకులో ప్రభుత్వ కాపీరైటు సంస్థ, ఆర్మేనియన్లు మా పాటలు, వంటలు దొంగిలించారంటూ పుస్తకాలు వేసింది.

సరిగ్గా ఇదే సమయానికి యునెస్కో వచ్చింది. 2003 నాటి ఒడంబడిక ఉద్దేశం మంచిదే. అంతరించిపోయే కళలను కాపాడాలి, వాటిని సజీవంగా ఉంచే సమాజాలను గుర్తించాలి. జాబితాలోకెక్కితే మూలం ఫలానావాళ్లదని తీర్పు ఇచ్చినట్టు కాదని యునెస్కో చెబుతూనే ఉంది. కానీ దరఖాస్తు పంపాల్సింది దేశం. ఫలితం పక్కన పడేది దేశం పేరు. మర్నాడు పేపర్లో వచ్చేది కూడా ఫలానా దేశానికి గుర్తింపు అనే. పట్టా కాదని ఎంత చెప్పినా, చేతికొచ్చిన కాగితాన్ని జనం పట్టాగానే చూస్తారు.

ఆ తర్వాత వరస చూడండి. 2003లో అజర్‌బైజాన్ ముగామ్. 2005లో ఆర్మేనియా దుదుక్. 2009లో అజర్‌బైజాన్ ఆషిగ్ కళ, అదే ఏడాది టర్కీ ఆషిక్ సంప్రదాయం. 2012లో తార్‌ను అజర్‌బైజాన్ పేరిట చేర్చితే ఇరాన్ సంగీతకారులు మండిపడ్డారు. 2014లో లవాష్ రొట్టె ఆర్మేనియా పేరిట, 2016లో అజర్‌బైజాన్, ఇరాన్, టర్కీ సహా ఐదు దేశాల పేరిట. 2017లో చేతులు కలిపి గుండ్రంగా ఆడే కొచారి నృత్యం ఆర్మేనియాకు. సరిగ్గా మరుసటి ఏడాది అజర్‌బైజాన్ తన నఖిచెవాన్ ప్రాంతపు యల్లి నృత్యాలను చేర్పించింది, ఆ ఫైలు పేరులోనే కొచారి అన్న మాట పెట్టింది. మరి అదే కొచారి ఆడే కుర్దులు, అస్సీరియన్లు? వాళ్లకు దేశం లేదు, కాబట్టి దరఖాస్తు కూడా లేదు.

అన్నిటికంటే చిక్కుపడింది సారీ గెలిన్ అనే పాట. టర్కీలో దీన్ని ఎర్జురుమ్ ప్రాంతపు పాట అంటారు, అజర్‌బైజానీలు తమదంటారు, ఆర్మేనియన్లు తమదంటారు, పర్షియన్‌లో వేరే మాటలతో పాడతారు. పాట మొదటి మాటకు టర్కిష్‌లో పసుపు రంగనీ, ఆర్మేనియన్‌లో కొండ మీదిదనీ అర్థం లాగవచ్చు. పండితులు దాని మీదే పేజీలు నింపారు. ఈ పాటకు జరిగినవి రెండు చెబుతాను. 2007 జనవరిలో ఇస్తాంబుల్‌లో హత్యకు గురైన ఆర్మేనియన్ పాత్రికేయుడు హ్రాంత్ దింక్ అంతిమయాత్రలో, వేలమంది నడుస్తుండగా వినిపించింది ఈ పాటే. మరోవైపు, 1915 మారణకాండ జరగలేదని వాదించే ఒక డాక్యుమెంటరీకి కూడా ఈ పాట పేరే పెట్టారు. టర్కీ విద్యాశాఖ దాన్ని బడులకు పంపి, గొడవ కావడంతో వెనక్కి తగ్గింది.

ఈ ముడి విప్పే దారి నిబంధనల్లోనే ఉంది. తార్ మీద అంత రగడ జరిగాక, 2017లో కమాంచాను ఇరాన్, అజర్‌బైజాన్ కలిసి నమోదు చేయించాయి. డేగలతో వేటాడే విద్య 2010లో 11 దేశాల పేరిట మొదలై, ఒక్కో దేశం చేరుతూ 2021కి 24 దేశాలదైంది. ఇలా కొత్త దేశం చేరాలంటే ముందునుంచి ఉన్నవాళ్లు ఒప్పుకోవాలి. 2025 ఆగస్టులో వాషింగ్టన్‌లో ఆర్మేనియా, అజర్‌బైజాన్ విదేశాంగ మంత్రులు శాంతి ఒప్పందం ముసాయిదాపై పొడి సంతకాలు చేశారు. దుదుక్ ఫైలు తలుపు యెరెవాన్ తెరవాలి, బాలాబాన్ ఫైలు తలుపు బాకు, అంకారా తెరవాలి. దుదుకి ఊదే జార్జియా పేరు ఈ రెండు ఫైళ్లలోనూ లేదు.