కొట్టేసినా మళ్లీ వచ్చే అంకెలు

పెన్సిల్ తీసుకుని ఈ అనుక్రమం రాయండి:

1, 1, 2, 1, 3, 2, 4, 1, 5, 3, 6, 2, 7, 4, 8, 1...

ఇప్పుడు ప్రతి సంఖ్యనూ అది మొదటిసారి కనిపించిన చోట మాత్రమే కొట్టేయండి. మొదటి 1, మొదటి 2, మొదటి 3, అలా వరసగా. మిగిలినవి చదవండి: 1, 1, 2, 1, 3, 2, 4, 1... మొదట రాసిందే మళ్లీ వచ్చింది! ఇంకోసారి కొట్టేసినా అదే వస్తుంది. తనలోనే తనను దాచుకున్న ఇలాంటి వాటిని ఫ్రాక్టల్ అనుక్రమాలు అంటారు. అమెరికా గణితజ్ఞుడు క్లార్క్ కింబర్లింగ్ వీటిని లోతుగా పరిశీలించారు.

ఇదెలా జరుగుతోంది? ఒక్కో సంఖ్య ఏయే స్థానాల్లో ఉందో రాసి చూస్తే తెలుస్తుంది. 1 ఉన్న స్థానాలు మొదటి అడ్డు వరుస, 2 ఉన్నవి రెండోది, 3 ఉన్నవి మూడోది:

1, 2, 4, 8, 16...
3, 6, 12, 24...
5, 10, 20, 40...

ప్రతి వరుసా ఒక బేసి సంఖ్యతో మొదలై రెట్టింపవుతూ పోతోంది. అంటే మనం కొట్టేసినవన్నీ బేసి స్థానాల్లో ఉన్నవే. మిగిలినవి సరి స్థానాలు: 2, 4, 6, 8... వాటిని సగం చేస్తే 1, 2, 3, 4... సగం చేసినా సంఖ్య అడ్డు వరుస మారదు, 12 ఉన్న వరుసలోనే 6 కూడా ఉంది. అందుకే పాత అనుక్రమమే తిరిగి వస్తుంది. ఇంత చిన్న కారణంతో ఇంత పెద్ద విషయం తేలిపోవడం నాకు ఎప్పుడు చూసినా ఆనందమే.

రెట్టింపు బదులు ఫిబొనాచీ పద్ధతి పెడితే ఇంకా అందమైన పట్టిక వస్తుంది. ఛందస్సులో లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు అని లెక్కపెట్టే క్రమంలో 12వ శతాబ్దంలో హేమచంద్రుడు చెప్పిన సంఖ్యలే ఇవి: ముందున్న రెండూ కలిపితే తర్వాతది.

1, 2, 3, 5, 8, 13, 21...
4, 7, 11, 18, 29...
6, 10, 16, 26, 42...
9, 15, 24, 39...

దీని పేరు వైథాఫ్ పట్టిక. డేవిడ్ మారిసన్ 1980లో దీన్ని నిర్వచించారు. 1 నుంచి మొదలుపెట్టి ఏ పూర్ణసంఖ్యను అడిగినా ఇందులో ఒక్కచోటే, తప్పకుండా ఉంటుంది. ఒక్కటీ తప్పిపోదు, ఒక్కటీ రెండోసారి రాదు. 1, 2, 3... ఒక్కోటి ఎన్నో అడ్డు వరుసలో ఉందో రాస్తే 1, 1, 1, 2, 1, 3, 2, 1, 4, 3, 2, 5, 1... ఇదీ ఫ్రాక్టల్ అనుక్రమమే, కొట్టేసి చూడండి.

రెండో వరుసను మొదటి వరుస పక్కన పెట్టి చూడండి. 3కీ 5కీ మధ్య 4 దూరింది. తర్వాత 5కీ 8కీ మధ్య 7, 8కీ 13కీ మధ్య 11, 13కీ 21కీ మధ్య 18. ఒకసారి మధ్యలోకి వచ్చాక ఎంత దూరం వెళ్లినా ఒకటి తర్వాత ఒకటిగానే నడుస్తాయి.