అపోహలు - వాస్తవాలు: "నోరు కట్టుకోలేవేటి?"

పర్లాఖిమిడిలో డైటీషియన్‌గా పనిచేస్తున్నాను. ఇక్కడ తెలుగూ ఒడియా ఒకే ఇంట్లో వినిపిస్తాయి. లావుగా ఉన్న మనిషిని పొడవడానికి మాత్రం ఒకటే మాట. "నోరు కట్టుకోలేవేటి?"

అపోహ: లావయ్యారంటే తిండి మీద అదుపు లేనట్టే.

తిండికీ బరువుకీ సంబంధం లేదని నేననను. ఆ తిండి ఎప్పుడు, ఏ మనసుతో తింటున్నారో అడక్కుండా రాసిచ్చిన చార్టు గోడకి అతికించుకోవడానికే పనికొస్తుంది.

ముప్పై దాటిన ఒకావిడ వచ్చింది. భర్త సూరత్‌లో మరమగ్గాల మీద, పన్నెండు గంటల షిఫ్టు. ఇంట్లో అత్తగారు, ఇద్దరు పిల్లలు, పైన అప్పు. ఏం తింటున్నారని అడిగాను. పొద్దున టీ, మధ్యాహ్నం కాస్త అన్నం, రాత్రి కొంచెం. అంతే తింటే ఇంత బరువెలా? అబద్ధం చెబుతోందనుకున్నాను. రాత్రి ఎన్నింటికి పడుకుంటారని అడిగాక గానీ సంగతి బయటపడలేదు. భర్తది రాత్రి షిఫ్టు అయితే మధ్యలో టీకి వదిలినప్పుడు ఫోన్ చేస్తాడు, పదకొండు దాటుతుంది. అందాకా ఈవిడ వంటింట్లో నిలబడి, గిన్నెలో మిగిలిన అన్నంలో పచ్చడి కలుపుకుని గిన్నెతోనే తినేస్తుంది. "పారేయలేను కదండీ. అప్పుడే కాస్త మనసు నిదానిస్తుంది" అంది. మళ్లీ నాలుగింటికి కొళాయి నీళ్ల కోసం లేవాలి.

అయిదు గంటలు కూడా నిద్ర లేనివాళ్లలో ఆకలి పెంచే గ్రెలిన్ అనే హార్మోన్ పెరిగి, కడుపు నిండిందని చెప్పే లెప్టిన్ అనే హార్మోన్ తగ్గుతుందని కొన్ని ప్రయోగాల్లో చూశారు. నెలల తరబడి టెన్షన్ ఉంటే కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్ కొవ్వుని పొట్ట చుట్టూ చేరుస్తుంది, తీపి మీదకి మనసు లాగుతుంది. ఇందులో సోమరితనం ఎక్కడుంది?

పొద్దున్నే నడవమన్నాను. "మొగుడు ఊళ్లో లేడు, తెల్లారకుండా ఎక్కడికి అంటారండీ" అంది. నా దగ్గర జవాబు లేదు. చివరికి ఆవిడే పక్కింటివాళ్లిద్దర్నీ కలుపుకుంది. మిగిలిన అన్నంలో నీళ్లు పోసి పొద్దున చద్దన్నంగా తినమన్నాను, పారేసే బాధ లేదు. రాత్రి భోజనం పిల్లలతో ఎనిమిదింటికే. మూడు నెలల్లో రెండు కిలోలు తగ్గింది. అత్తగారికి అది కనబడలేదట. నిద్ర పడుతోందని మాత్రం చెప్పింది.

మా అమ్మ నాలుగు నెలలు ఆస్పత్రిలో ఉన్నప్పుడు నేనూ ఎనిమిది కిలోలు పెరిగాను, కేలరీల లెక్క నోటికొచ్చినదాన్నే. "డైటీషియనమ్మే ఇలా అయిపోయిందేటి" అని ఒక పెళ్లిలో అన్నారు. ఆ తర్వాత ఏడాది ఏ పెళ్లికీ వెళ్లలేదు.

మిగతావి గబగబా. చద్దన్నం లావు చెయ్యదు, ఎంత అన్నమో అంతే. అంతా థైరాయిడే అంటారు. థైరాయిడ్ తగ్గితే పెరిగేది సాధారణంగా రెండు నుంచి అయిదు కిలోలు, అందులో చాలావరకు ఉప్పూ నీరే. డిప్రెషన్‌లో అందరూ చిక్కిపోరు, కొందరు పెరుగుతారు. దిగులు వదలకపోతే 14416కి ఫోన్ చేయండి. అది టెలీ మానస్, మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే ఫోన్ సాయం, ఉచితం. తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడొచ్చు.

మానసిక మందుల్లో కొన్ని నిజంగానే బరువు పెంచుతాయి, ఓలాంజపిన్ అందులో ముందుంటుంది. అలాగని ఎవరో చెప్పారని మాత్రలు మీ అంతట మీరు ఆపకండి. రాసిన డాక్టరు దగ్గరికే వెళ్లి, బరువు పెరుగుతోంది, వేరే మందుందా అని అడగండి.